అమెరికా పెరట్లో నేర్చిన ఫోటోగ్రఫీ

1888లో జార్జ్ ఈస్ట్‌మన్ తన తొలి కొడాక్ కెమెరాను అమ్మకానికి పెడుతూ జనానికి ఒక హామీ ఇచ్చాడు: మీట మీరు నొక్కండి, మిగతా పని మాకు వదిలేయండి. అమెరికా ఫోటోగ్రఫీ చరిత్రలో చాలామంది దీన్ని ఒక విద్య చేజారిపోయిన ఘట్టంగా చెబుతారు. అంతకుముందు ఫోటో తీయాలంటే రసాయనాలు తెలియాలి, గాజు పలకలు మోయాలి, చీకటి గదిలో వేళ్ళు నల్లబడాలి. ఆ తరువాత ఎవరైనా తీయగలిగారు కాబట్టి ఎవరూ నేర్చుకోలేదని, పుట్టినరోజు కేకులూ, సముద్రపు ఒడ్డున వరసగా నిలబడ్డ చుట్టాలూ, తలలు తెగిన గ్రూప్ ఫోటోలూ కుప్పలుగా మిగిలాయని వాళ్ళ బాధ. ఇందులో సగమే నిజమని నా నమ్మకం. రసాయనాల విద్య సామాన్యుడి చేతినుంచి పోయిన మాట వాస్తవం. కానీ చూసే విద్య అమెరికాలో కోట్లాది మందికి అప్పుడే మొదలైంది. వెలుగు ఎటునుంచి పడుతోంది, మనిషికి ఎంత దూరంలో నిలబడాలి, ఏ క్షణం కోసం ఆగాలి, ఫ్రేములో ఏది ఉంచి ఏది వదలాలి అన్నది వాళ్ళు ఇంట్లోనే, పిల్లల మీద, పండగల్లో, సెలవుల ప్రయాణాల్లో నేర్చుకున్నారు. కుటుంబ ఫోటోలను ఫోటోగ్రఫీకి పట్టిన చిల్లర అలవాటుగా కాక, ఆ దేశం ఈ విద్య నేర్చిన ప్రధాన మార్గంగా చూడాలని నా వాదన.

ఈస్ట్‌మన్ జీవితమే దీనికి మొదటి సాక్ష్యం. 1877లో అతనికి 23 ఏళ్ళు. న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో ఒక సేవింగ్స్ బ్యాంకులో గుమాస్తా. సెలవులు పెట్టి కరీబియన్ ప్రాంతంలోని శాంటో డొమింగో చూసి రావాలనుకున్నాడు. చూసినవాటిని ఫోటోలు తీసి తెచ్చుకోమని తోటి ఉద్యోగి ఒకరు సలహా ఇచ్చారు. ఈస్ట్‌మన్ సుమారు 94 డాలర్లు పోసి సామాను కొన్నాడు, జార్జ్ మన్రో అనే స్థానిక ఫోటోగ్రాఫర్‌కు 5 డాలర్లిచ్చి పాఠాలు చెప్పించుకున్నాడు. అప్పటి తడి పలక పద్ధతిలో గాజు పలకకు కొలోడియన్ పూసి, సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో ముంచి, తడి ఆరేలోగా ఫోటో తీసి, అక్కడికక్కడే కడగాలి. అంటే ఎక్కడికి వెళ్ళినా వెంట ఒక డేరా, సీసాలు, తొట్లు, నీళ్ళు, పెద్ద కెమెరా, దాని ముక్కాలి స్టాండు ఉండాలి. శాంటో డొమింగో ప్రయాణం జరగనే లేదు. తరువాత మిషిగన్ రాష్ట్రంలోని మాకినా దీవికి వెళ్ళి ఫోటోలు తీశాడు. ఈ బరువు తగ్గించాలన్న పట్టుదలతో రాత్రులు అమ్మ వంటింట్లో రసాయనాలు కలిపి చూస్తూ 1880 నాటికి పొడి పలకల తయారీకి దిగాడు. ప్రపంచంలోకెల్లా పెద్ద ఫోటో పరిశ్రమకు బీజం ఒక గుమాస్తా సెలవుల ఆలోచనలో పడిందన్న సంగతిని మనం తేలిగ్గా దాటిపోకూడదు. తొలిరోజు నుంచి ఆ కెమెరా స్టూడియో కోసం కాదు, దారి కోసం, ఇంటి కోసం పుట్టింది.

1888 నాటి కెమెరా ధర 25 డాలర్లు. రోజుకూలి మనిషికి అది రెండు మూడు వారాల సంపాదన. లోపల 100 ఫోటోలకు సరిపడా రీలు ఉండేది. అది అయిపోగానే కెమెరానే రోచెస్టర్‌కు పంపితే, 10 డాలర్లు తీసుకుని ఫోటోలు కడిగి, కొత్త రీలు ఎక్కించి తిప్పి పంపేవారు. వచ్చే ఫోటో రెండున్నర అంగుళాల గుండ్రటి బొమ్మ. నేర్చుకోవడానికి ఇక ఏం మిగిలిందని అడగవచ్చు. చాలా మిగిలింది. కెమెరాకు వ్యూఫైండర్ లేదు; పైన గీసిన గీతల వెంట చూపు సారించి, ఎంతవరకు పడుతుందో ఊహించి నొక్కాలి. ఫోకస్ మార్చే వీలు లేదు, కనుక దూరం మనిషే సరిచూసుకోవాలి. వెలుతురు చాలకపోతే బొమ్మ రాదు. వడ్లు దంచే పని మిల్లుకు అప్పగించినంత మాత్రాన వంట విద్య పోలేదు కదా. పొయ్యి దగ్గర చేసే పనికి తీరిక దొరికింది. ఇదీ అంతే. పైగా మిగతా పని కంపెనీకే వదలాలన్న నిర్బంధం ఏనాడూ లేదు. ఇంకో మెట్టు ఎక్కాలనుకున్నవాళ్ళకు మెట్లున్నాయి: 1891 నుంచి పగటి వెలుతురులోనే రీలు మార్చుకునే కెమెరాలు, గ్యాస్ దీపం వెలుగులో ఇంట్లోనే ప్రింటు వేసుకునే వెలాక్స్ కాగితం, 1902లో చీకటి గది అక్కర్లేకుండా రీలు కడుక్కునే యంత్రం. ఎవరికి ఎంత కావాలో అంత నేర్చుకునే ఏర్పాటు అది.

మొదట్లో ఈ చిన్న కెమెరాలు పట్టుకుని వీధుల్లో, సముద్రతీరాల్లో తిరిగినవాళ్ళ మీద జనం మండిపడ్డారు. 1890 డిసెంబరులో శామ్యూల్ వారెన్, లూయీ బ్రాండైస్ అనే ఇద్దరు బోస్టన్ న్యాయవాదులు హార్వర్డ్ లా రివ్యూలో వ్యక్తిగత గోప్యత హక్కు గురించి రాసిన ప్రసిద్ధ వ్యాసానికి చురుకు పుట్టించిన వాటిలో, పత్రికల దూకుడుతోపాటు, అనుమతి అడగకుండా తీసే ఇన్‌స్టంటేనియస్ ఫోటోలు కూడా ఉన్నాయి. అడగకుండా అపరిచితుణ్ణి తీస్తే తగువు. ఇంట్లో చంటివాణ్ణి తీస్తే మురిపెం. ఎన్నిసార్లు తప్పినా మళ్ళీ నిలబడి సహకరించేవాళ్ళు ఇంటివాళ్ళే. కొత్తగా నేర్చేవాడు సొంత మనుషుల దగ్గరకు చేరడానికి ప్రేమ ఒక్కటే కారణం కాదు, ఈ సౌకర్యం కూడా కారణమని నాకు తోస్తుంది.

ఈ ఇంటి బడి తలుపులు నిజంగా బార్లా తెరుచుకున్నది 1900 ఫిబ్రవరిలో, బ్రౌనీ కెమెరా వచ్చినప్పుడు. ఫ్రాంక్ బ్రౌనెల్ తయారుచేసిన ఈ అట్టపెట్టె కెమెరా ధర ఒక డాలరు. ఆరు ఫోటోల రీలు 15 సెంట్లు. పామర్ కాక్స్ బొమ్మల కథలతో పిల్లలకు అప్పటికే సుపరిచితమైన బుల్లి బ్రౌనీ దేవతల పేరు దీనికి పెట్టారు, పెట్టె మీద వాళ్ళ బొమ్మలే వేశారు. పిల్లలకోసం ఒక క్లబ్బు, పోటీలు, బహుమతులు పెట్టారు. ఈ కెమెరా గురించి రాసేవాళ్ళు చౌకదనాన్నే మెచ్చుకుంటారు. నా దృష్టిలో అసలు గురువు ఆ ఆరు అంకె. ఆరు ఫోటోలే ఉన్నాయని తెలిసిన పిల్లవాడు నొక్కే ముందు ఆలోచిస్తాడు. చెల్లెల్ని ఎండలోకి జరగమంటాడు, కెమెరాను పొట్టకు ఆనించి ఊపిరి బిగబడతాడు. కొన్నాళ్ళకు ఫోటోలు కడిగి వస్తాయి. ఒకటి మసక, ఒకటి వంకర, ఒకదానిలో తన నీడే చెల్లెలి గౌను మీద పడింది. తప్పు ఎక్కడ జరిగిందో చెప్పడానికి మాస్టారు అక్కర్లేదు, చేతిలో కాగితమే చెబుతుంది. మళ్ళీ 15 సెంట్లు కూడబెట్టే దాకా ఆ తప్పు మనసులో నలుగుతూ ఉంటుంది. ఆలోచన, ప్రయత్నం, ఎదురుచూపు, దిద్దుబాటు అనే ఈ వరస ఏ చేతిపనికైనా అసలు శిక్షణ. దానికి తోడు కంపెనీ పాఠాలూ రాసింది. మంచి ఫోటోలు తీయడమెలాగో చెప్పే కొడాక్ వారి చేతిపుస్తకం దశాబ్దాలపాటు కొత్త కూర్పులతో వస్తూనే ఉంది. 1913 నుంచి 1932 దాకా కొడకరీ అనే మాసపత్రిక నడిపారు. సూర్యుణ్ణి వెనక పెట్టుకోవడం, వెనక దృశ్యాన్ని సాదాగా ఉంచడం, కెమెరా కదలకుండా పట్టుకోవడం వంటి సంగతులు ఆ కాగితాల్లో పెరటి తోట, పడవ ప్రయాణం, కుక్కపిల్ల, అమ్మమ్మ ఉదాహరణలుగా పాఠాలయ్యాయి. 1930లో కంపెనీ 50వ వార్షికోత్సవం పేరిట, ఆ ఏడాది 12 ఏళ్ళు నిండే పిల్లలకు సుమారు 5 లక్షల కెమెరాలు ఉచితంగా పంచారు. వ్యాపార లాభం చూసుకునే పంచారు, సందేహం లేదు. అయినా ఒక దేశంలో ఒక ఈడు పిల్లలకు ఇంత పెద్ద ఎత్తున ఒక పనిముట్టు చేతికందడం అరుదు.

ఈ బడి నుంచి ఎవరు వచ్చారంటే, ముందుగా చెప్పవలసిన పేరు ఆన్సెల్ ఆడమ్స్. 1916లో, 14 ఏళ్ళ వయసులో, ఒక పుస్తకం చదివి యోసెమిటీ లోయ చూడాలని పట్టుబట్టి శాన్‌ఫ్రాన్సిస్కోనుంచి తల్లిదండ్రులను బయల్దేరదీశాడు. అక్కడ వాళ్ళు అతని చేతికి ఒక బ్రౌనీ ఇచ్చారు. హాఫ్ డోమ్ శిఖరాన్ని తీయడానికి పుచ్చిపోయిన ఒక చెట్టు మొద్దు ఎక్కితే అది కూలిందని, పడుతూ పడుతూ మీట నొక్కానని, రీలు కడిగిన పిల్స్‌బరీ అనే వ్యక్తి ఒక్క నెగటివ్ తలకిందులుగా ఎలా వచ్చిందని ఆశ్చర్యపోయి అడిగాడని ఆయన తన ఆత్మకథలో చెప్పుకున్నాడు. ఆ కుర్రవాడు మరుసటి ఏడు మళ్ళీ యోసెమిటీ వెళ్ళాడు, శాన్‌ఫ్రాన్సిస్కోలో ఫోటోలు కడిగే దుకాణంలో పనికి కుదిరాడు, తరువాతి కాలంలో ఆ కొండలను అమెరికన్లు ఎలా చూడాలో నేర్పిన మనిషయ్యాడు. ఇంకొకరు హ్యారీ కాలహన్. డెట్రాయిట్‌లో క్రైస్లర్ కంపెనీ ఉద్యోగి, 1938లో సరదాగా కెమెరా పట్టాడు, స్టూడియో శిక్షణ లేదు. అతను జీవితమంతా తీసిన గొప్ప ఫోటోల్లో చాలా వాటిలో ఉన్నది భార్య ఎలినార్, ఆపై కూతురు బార్బరా. ఇవి మహాప్రతిభావంతుల కథలు, వీటితో సామాన్యుల సంగతి ఎలా రుజువవుతుందని అడిగితే, ఒప్పుకుంటాను, రుజువు కాదు. ప్రతిభ ఎక్కడైనా పైకి వస్తుంది. ఈ కథలు చూపించేది దారి ఎక్కడినుంచి మొదలైందో మాత్రమే. సామాన్యుల సంగతికి వేరే సాక్ష్యం ఉంది. 1944లో న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్ అమెరికన్ స్నాప్‌షాట్ల మీద ఒక ప్రదర్శన పెట్టింది. 2007లో వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్ 1888 నుంచి 1978 దాకా తొంభై ఏళ్ళ స్నాప్‌షాట్లను, తీసినవారి పేర్లు చాలావరకు తెలియని వాటిని, గోడలకెక్కించింది. యాదృచ్ఛికంగా పడ్డ అందాలు అందులో కొన్ని ఉంటాయి. కానీ గాలిలో ఎగిరిన పిల్లవాణ్ణి సరిగ్గా పైన ఉన్నప్పుడు పట్టడం, నీడను కావాలనే ఫ్రేములోకి రానివ్వడం వంటివి కంటికి సాధన లేనివాళ్ళు పదేపదే చేయలేరు.

అన్నిటికంటే బరువైన ఆక్షేపణ ఆల్ఫ్రెడ్ స్టీగ్లిట్జ్‌ది. 1899లో స్క్రిబ్నర్స్ పత్రికలో రాస్తూ, పెద్దగా శ్రమా జ్ఞానమూ అక్కర్లేని సాధనం జనం చేతిలో పడి లక్షలకొద్దీ ఫోటోలు పుట్టాయని, ఆ సులువే ఫోటోగ్రఫీకి చెడ్డపేరు తెచ్చిందని ఆయన నిష్టూరమాడాడు. అమెరికాలో ఫోటోను కళగా నిలబెట్టిన మనిషి మాట కాబట్టి దీన్ని తోసిపుచ్చలేం. అయితే అదే వ్యాసంలో ఆయనే ఇంకో మాట అన్నాడు: గొప్ప ఫోటోలు తీసినవాళ్ళు దాదాపు అందరూ దాన్ని డబ్బు కోసం కాక ఇష్టంతో చేసినవాళ్ళేనని. స్వయంగా ఆయన ప్రసిద్ధ ఫోటో, 1893 ఫిబ్రవరిలో మంచు తుఫానులో న్యూయార్క్ ఫిఫ్త్ అవెన్యూ, చేతిలో పట్టుకునే కెమెరాతో తీసిందే. తగిన క్షణం కోసం మూడు గంటలు మంచులో నిలబడ్డాడు. ఆయన కెమెరాకూ మామూలు గుమాస్తా కెమెరాకూ ఖరీదులో తేడా ఉండవచ్చు, నిలబడే ఓపికలో అసలు తేడా ఉంది. ఆ ఓపిక కొందరికి కళ మీద ప్రేమతో వస్తుంది. ఇంకా ఎంతోమందికి పిల్లవాడి మొదటి అడుగు చూడాలన్న ఆశతో వస్తుంది. కారణం ఏదైతేనేం, వేచి చూసిన కన్ను పదునెక్కుతుంది. స్టీగ్లిట్జ్ నిందించిన సులువు జనాన్ని గుమ్మం దాకా తెచ్చింది. లోపలికి వెళ్ళనివాళ్ళే ఎక్కువమంది అయినంత మాత్రాన గుమ్మం తప్పయిపోదు.

గుమ్మం దాటినవాళ్ళలో ఆడవాళ్ళు చాలామంది. 1890లలోనే కొడాక్ ప్రకటనల్లో కెమెరా పట్టుకున్న యువతి బొమ్మ నిలదొక్కుకుంది. ఫ్రాన్సెస్ బెంజమిన్ జాన్‌స్టన్ 1897లో లేడీస్ హోమ్ జర్నల్‌లో స్త్రీలు కెమెరాతో ఏం సాధించగలరో వివరిస్తూ వ్యాసం రాసి, దాన్ని జీవనోపాధిగా చేపట్టమని ప్రోత్సహించింది. గెర్‌ట్రూడ్ కాసెబియర్ ముగ్గురు పిల్లల తల్లిగా ఇంట్లోవాళ్ళను తీస్తూ సాధన మొదలుపెట్టి, 1897 నాటికి న్యూయార్క్‌లో సొంత స్టూడియో తెరిచింది. తల్లీబిడ్డల మీద ఆమె తీసిన ఫోటోలను స్టీగ్లిట్జ్ 1903లో తన కెమెరా వర్క్ పత్రిక తొలి సంచికలోనే వేసుకున్నాడు. ఇంటి ఫోటోకూ కళకూ మధ్య గోడ కట్టాలనుకున్నవాళ్ళకు ఆమె జీవితం ఒక్కటే చాలినంత జవాబు.

ఈ విద్య కాలక్రమంలో ఎలా మారిందో పాత అమెరికన్ ఆల్బమ్‌లను తిరగేస్తే తెలుస్తుంది. 1930కి ముందు ఫోటోల్లో కుటుంబం ఎక్కువగా ఆరుబయటే ఉంటుంది: వాకిట మెట్ల మీద, పెరట్లో, కారు పక్కన, నీటి ఒడ్డున. ఇంటి లోపలి జీవితం, వంటగది, రోగి మంచం, రాత్రి భోజనం, అరుదు. దీన్ని చూసి ఆ తరం బయటి ఆడంబరమే చూపుకుందనడం పొరపాటు. ఆ కెమెరాలకు లోపలి వెలుతురు చాలదు, అంతే. 1930లో జనరల్ ఎలెక్ట్రిక్ సంస్థ ఫ్లాష్ బల్బులు అమ్మకానికి తెచ్చాక క్రిస్మస్ చెట్టు, పుట్టినరోజు బల్ల ఆల్బమ్‌లోకి వచ్చాయి. 1935లో కొడాక్రోమ్ పుట్టింది. కనిపెట్టింది ఇద్దరు సంగీతకారులు, లియోపోల్డ్ మాన్స్, లియోపోల్డ్ గొడౌస్కీ. మరుసటి ఏడాదికి అది స్లయిడ్ల రూపంలో మామూలు కెమెరాలకు అందింది. ఈ రంగుల రీలు కఠినమైన పరీక్షాధికారి. తొలినాటి కొడాక్రోమ్ వేగం ఇవాళ్టి లెక్కలో ఐఎస్ఓ 10 ప్రాంతం. పైగా స్లయిడ్‌లో ప్రింటు వేసేటప్పుడు సరిదిద్దే అవకాశం లేదు, వెలుతురు కొంచెం తప్పితే ముఖం పాలిపోతుంది లేదా నల్లబడుతుంది. అందుకే డబ్బాలో ఒక చీటీ ఉండేది: ఎండ కాస్తే ఇంత, మబ్బు పడితే ఇంత, నీడలో ఇంత అని అందులో లెక్క. ఆన్ ఆర్బర్‌లో తయారైన ఆర్గస్ సి3 వంటి ఇటుక బరువు కెమెరాలు పట్టుకున్న నాన్నలు ఎందరో ఎపర్చర్, షట్టర్ వేగాల సంబంధాన్ని ఆ చీటీ మీదే నేర్చుకున్నారు. 1961లో కారౌసెల్ ప్రొజెక్టర్ వచ్చాక శనివారం రాత్రి ముందుగదిలో చుట్టుపక్కలవాళ్ళను కూర్చోబెట్టి స్లయిడ్లు చూపడం ఆనవాయితీ అయింది. గ్రాండ్ కాన్యన్ అంచున ఒకేలాంటి ఫోటోలు వరసగా వచ్చేసరికి ఎదుటివాళ్ళు కదులుతారు, ఆవులిస్తారు. ఒక మంచి ఫోటో రాగానే గది నిశ్శబ్దమవుతుంది. ఏది ఉంచాలో ఏది తీసేయాలో నేర్పడానికి ఇంతకంటే నిజాయితీ గల సభ దొరకదు. ఇదే కాలంలో ఇంకో దారీ తెరుచుకుంది. 1943లో కుటుంబంతో శాంటా ఫేలో సెలవులు గడుపుతుండగా ఆవిష్కర్త ఎడ్విన్ ల్యాండ్ మూడేళ్ళ కూతురు, ఇప్పుడు తీసిన ఫోటో ఇప్పుడే ఎందుకు చూడకూడదని అడిగిందట. ఆ ప్రశ్నే పోలరాయిడ్ కెమెరాగా రూపుకట్టి 1948 నవంబరులో బోస్టన్‌లో అమ్మకానికి వచ్చింది. అమెరికా ఫోటో చరిత్రలో సెలవులకూ పిల్లల మాటలకూ ఎంత చోటుందో చెప్పడానికి ఇది మరో ఉదాహరణ.

ఇంకో ఆక్షేపణ నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. ఈ బడిని నడిపింది ఒక వ్యాపార సంస్థ కదా, అది చూడటమే కాదు, ఏది చూడకూడదో కూడా నేర్పింది అంటారు. నాన్సీ మార్తా వెస్ట్ అనే పరిశోధకురాలు 2000లో ప్రచురించిన పుస్తకంలో కొడాక్ ప్రకటనలు దుఃఖాన్ని, మరణాన్ని కుటుంబ చిత్రంలోంచి తొలగించి, బతుకును తీపి జ్ఞాపకంగా మాత్రమే చూడటం అలవాటు చేశాయని వాదించింది. నిజమే. పందొమ్మిదో శతాబ్దంలో చనిపోయిన పసిబిడ్డను ఒళ్ళో పెట్టుకుని స్టూడియో ఫోటో తీయించుకున్న అమెరికన్లు ఉన్నారు; ఇరవయ్యో శతాబ్దపు ఆల్బమ్‌లో ఆ చోటు ఖాళీ. 1950 నుంచి 1990 దాకా న్యూయార్క్ గ్రాండ్ సెంట్రల్ స్టేషన్‌లో వేలాడిన 60 అడుగుల పొడవైన కొడాక్ కలరామా చిత్రాల్లో సెలవుల్లో నవ్వుతున్న కుటుంబాలు చాలాకాలం తెల్లజాతివే. ఇంకా లోతైన పక్షపాతం రీలులోనే ఉంది. రంగులు సరిచూడటానికి ల్యాబుల్లో వాడిన నమూనా కార్డుల మీద తెల్లని స్త్రీ ముఖాలే ఉండేవి. దాంతో ఆ రంగుల కొలతలో నల్లటి, చామనఛాయ ముఖాల వివరాలు పోయేవి. ఈ లోపాలను నేను తక్కువ చేయను. అయితే పాఠం చెప్పినవాడి ఉద్దేశం ఒకటి, నేర్చుకున్నవాడు దానితో చేసింది ఇంకొకటి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో జపాన్ మూలాలున్న లక్షమందికి పైగా అమెరికా నివాసులను ముళ్ళకంచెల శిబిరాల్లో పెట్టినప్పుడు, మొదట్లో వాళ్ళ దగ్గర కెమెరాలుండటమే నిషిద్ధం. వయోమింగ్‌లోని హార్ట్ మౌంటెన్ శిబిరంలో బిల్ మాన్బో అనే కారు మెకానిక్, 1943 - 44లో కొడాక్రోమ్ రీళ్ళు వేసి తన చిన్న కొడుకును, పండగ నాట్యాలను, వెనక బారులు తీరిన బారకాసులను రంగుల్లో తీశాడు. యూటాలోని టోపాజ్ శిబిరంలో డేవ్ టట్సునో దొంగచాటుగా తెప్పించుకున్న 8 ఎంఎం కెమెరాతో ఇంటి సినిమా తీశాడు. 1996లో దాన్ని జాతీయ ఫిల్మ్ రిజిస్ట్రీలో చేర్చారు. ప్రకటనలు నేర్పిన సెలవుల ఫోటో పద్ధతిలోనే వాళ్ళు తీశారు, అదే ఇవాళ ఆ నిర్బంధానికి సాక్ష్యమైంది. నల్లజాతి రచయిత్రి బెల్ హుక్స్ 1994లో ఒక వ్యాసంలో, దక్షిణాది నల్లవాళ్ళ ఇళ్ళ గోడలను నింపిన స్నాప్‌షాట్లు, వాళ్ళను కించపరిచే బొమ్మలతో నిండిన దేశంలో, వాళ్ళ అదుపులో ఉన్న సొంత ప్రదర్శనశాలలని వాదించింది. తన ముఖం తనవాళ్ళకు ఎలా కనబడాలో తానే నిర్ణయించుకోవడం, ఎంత సాధారణ కెమెరాతో చేసినా, చిన్న విషయం కాదు.

కెమెరా కంటికి అడ్డొస్తుందని, ఫోటో తీసే తాపత్రయంలో మనిషి అనుభవాన్నే కోల్పోతాడని ఇంకో మాట ఉంది. సూసన్ సాంటాగ్ 1977లో దీన్ని బలంగా చెప్పింది. కనెక్టికట్‌లోని ఫెయిర్‌ఫీల్డ్ విశ్వవిద్యాలయంలో లిండా హెంకెల్ చేసి 2014లో ప్రచురించిన ప్రయోగం కొంతవరకు దీన్ని సమర్థిస్తుంది: మ్యూజియంలో వస్తువులను ఫోటో తీసిన విద్యార్థులకు, ఊరికే చూసినవాళ్ళకంటే అవి తక్కువ గుర్తున్నాయి. కానీ అదే ప్రయోగంలో, వస్తువులో ఒక భాగాన్ని దగ్గరగా తెచ్చుకుని తీసినవాళ్ళ జ్ఞాపకం తగ్గలేదు. అంటే మరుపు తెచ్చేది కెమెరా కాదు, అజాగ్రత్త. జాగ్రత్తగా చూడటం నేర్చుకున్నవాడికి కెమెరా తోడవుతుంది.

ఈ చరిత్రలో మన తెలుగువాళ్ళకూ ఒక చివరి అధ్యాయం ఉంది. మన దగ్గర ఫోటో చాలాకాలం స్టూడియో వ్యవహారం. నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ కాలం నుంచి పెళ్ళి ఫోటో, గ్రూప్ ఫోటో అంటే మంచి బట్టలు కట్టుకుని ఇంకొకరి కెమెరా ముందు కదలకుండా కూర్చోవడమే. సొంత కెమెరా కొద్ది ఇళ్ళకే ఉండేది. 1965 అక్టోబరు 3న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ కొత్త వలస చట్టంపై స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ పాదాల దగ్గర సంతకం చేశాక, తెలుగు డాక్టర్లు, ఇంజనీర్లు ఆ దేశం చేరడం మొదలుపెట్టారు. కొడాక్ 1963లో తెచ్చిన ఇన్‌స్టామాటిక్ అప్పటికే అక్కడ ఇంటింటి వస్తువు. 1970 నాటికి 5 కోట్లకు పైగా తయారయ్యాయి. స్టూడియో పద్ధతి చూసి పెరిగిన ఆ తరం, సొంత చేతుల్తో ఫోటో తీయడం అక్కడ నేర్చుకుంది. వాళ్ళు తీసిన స్నాప్‌షాట్లే ఇవాళ అమెరికా తెలుగువారి తొలి చరిత్రకు ముఖ్యమైన ఆధారం. తొలి ఏళ్ళ అద్దె ఇళ్ళు, నలుగురు చేరి చేసుకున్న ఉగాది, చీర మీద వేసుకున్న చలికోటు, పిట్స్‌బర్గ్ గుడి కడుతున్న రోజులు: సంఘాల సావనీర్లలో సభలు, ఉపన్యాసాలు దొరుకుతాయి గానీ ఈ రోజువారీ బతుకు దొరకదు. అది ఆల్బమ్‌లలోనే ఉంది, దాన్ని తీసింది నేర్చుకుంటున్న చేతులే.

ఆ ఆధారం ఇప్పుడు చెరిగిపోతోంది. 1970ల నాటి రంగుల ప్రింట్లలో నీలి వర్ణం ముందుగా వెలిసిపోయి ఫోటో ఎర్రబడుతుంది. చీకట్లో దాచినా ఇది ఆగదు. కొడాక్రోమ్ స్లయిడ్లు మాత్రం చీకట్లో దశాబ్దాలు నిలుస్తాయి. ఆ రీలు తయారీ 2009లో ఆగింది, కాన్సాస్‌లో దాన్ని కడిగే చివరి ల్యాబు 2010 చివర్లో ఆ పని మానేసింది. కాబట్టి అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాలకు, అక్కడినుంచి వచ్చిన ఉత్తరాలతోపాటు ఫోటోలు అందుకుని బీరువాల్లో దాచుకున్న ఇక్కడి కుటుంబాలకు ఒక మనవి. తీసినవాళ్ళు, అందులో ఉన్నవాళ్ళు బతికి ఉండగానే ఒక ఆదివారం కూర్చుని, ప్రతి ఫోటో వెనక మెత్తని పెన్సిల్‌తో పేర్లు, ఊరు, సంవత్సరం, తీసినది ఎవరో రాయండి. అంచున అచ్చయిన నెల, సంవత్సరం చూసి నమ్మేయకండి, అది ఫోటో కడిగిన తేదీ, తీసిన తేదీ కాదు. స్కాన్ చేసి ఒక ప్రతి పిల్లలకు, ఇంకో ప్రతి ఫిలడెల్ఫియా కేంద్రంగా 2008 నుంచి పనిచేస్తున్న సౌత్ ఏషియన్ అమెరికన్ డిజిటల్ ఆర్కైవ్ వంటి చోటికి ఇవ్వండి. మసకగా వచ్చినవి, వంకరగా వచ్చినవి పారేయకండి, వాటిని కూడా ఇవ్వండి.